ఫోన్ మరచిపోయిన పిలుపు

మావారు పోయాక ఆయన ఫోనే వాడుతున్నాను. తెలుగు కీబోర్డులో 'సరో' అని కొట్టగానే 'సరోజమ్మగారూ' అని, దాని వెనకే 'తిన్నారా' అని వచ్చేవి. లంచ్ టైంలో ఆఫీసు నుంచి నన్ను ఆటపట్టిస్తూ ఆయన రోజూ పంపిన మాటలవి. కొట్టీ కొట్టీ ఫోన్‌కి అలవాటు చేశారు.

ఒకరోజు అది అప్‌డేట్ అడిగింది. ఏం మారుతుందో చెప్పలేదు, 'కొన్ని మెరుగుదలలు' అని మాత్రమే ఉంది. భయమేసి 'తర్వాత' నొక్కుతూ వచ్చాను. మా అమ్మాయి విసుక్కుంది.

"అమ్మా, జస్ట్ ఇన్‌స్టాల్ చెయ్. సెక్యూరిటీకి మంచిది. ఏమీ పోదు."

"ఏం మారుస్తున్నారో రాయొచ్చుగా?"

"అదెవరూ చదవరమ్మా!"

"మీ నాన్న చదివేవారు."

చివరికి నొక్కాను. ఫోన్ మళ్లీ వెలిగాక 'సరో' అని కొట్టాను. 'సరోవరం' అని వచ్చింది. మళ్లీ కొట్టాను. మళ్లీ సరోవరమే. అమ్మాయి ఫోన్ తీసుకుని చూసి, నా పక్కన కూర్చుండిపోయింది.

అప్పటినుంచి రోజూ లంచ్ వేళ ఆ మాటలు నేనే పూర్తిగా కొడుతున్నాను. మొన్న 'సరో' అనగానే 'సరోజమ్మగారూ, తిన్నారా' అని వచ్చింది. సంతోషించబోయి ఆగిపోయాను. ఈసారి దానికి నేర్పింది నేను.

– సరోజ, ట్రాయ్, మిషిగన్