టిక్కు పడని పని

ఆ రోజుల్లో నాకు ఇంగ్లీషు మీద ఎంత నమ్మకం ఉండేదంటే, నాలుగు పెద్ద మాటలు కలిపి ఒక కాగితం రాస్తే ముంబై పక్కన మా భివండిలో ఏ కష్టమైనా తీరిపోతుందనుకునేవాణ్ణి. ఇరవై మూడేళ్ల వయసు, కొత్త ఉద్యోగం, జేబుకు రెండు పెన్నులు. అక్కడి కనేరి పేటలో, తెలంగాణ నుంచి వలసొచ్చిన మావాళ్లు (సాంచెలున్న సేఠ్‌లూ, వాటి మీద పనిచేసే కూలీలూ) కలిసి పెట్టుకున్న చిన్న డిగ్రీ కాలేజీలో నేను గుమాస్తాను. సాంచె అంటే మరమగ్గమే. చుట్టూ అవి మోగుతుంటే మా లెక్చరర్లు సగం పాఠం చేతులతోనే చెప్పేవారు.

ఆ కాలేజీకి ఒకరోజు గుర్తింపు కమిటీ నుంచి ఉత్తరం వచ్చింది. లైబ్రరీ ఎప్పుడూ మూసే ఉంటోంది, ఆడపిల్లలు మధ్యలో మానేస్తున్నారు, ఊళ్లోవాళ్లను కలుపుకొని వేసుకున్న ప్లాను ఒక్కటీ లేదు, మూడు నెలల్లో సరిదిద్దుకోకపోతే గుర్తింపు రద్దు. అది చదివి అందరికన్నా ఎక్కువ భయపడింది నేనే. అక్కడ రెండో సంవత్సరం చదువుతున్నది మా వదిన. పొద్దున్నే వంట చేసి, సాంచెలకు నూలు కండెలు చుట్టి, మధ్యాహ్నం క్లాసుకు పరుగెత్తేది. అమ్మ వద్దంటున్నా వినకుండా ఫారం నింపి చేర్పించింది నేను. కాలేజీ మూతపడితే ఇంకో కాలేజీ కోసం కోడల్ని ఠాణా పట్నం దాకా పంపే ఇల్లు కాదు మాది. ఆ మధ్యాహ్నం అన్నం వడ్డిస్తూ వదిన ఒక్కటే అడిగింది: "ఏమైతది మర్దీ?" నేను ఛాతీ విరుచుకుని, "నేనున్న గద వదినా" అన్నాను. ఆ మాట గుర్తొస్తే ఇప్పటికీ చెవులు వేడెక్కుతాయి.

నేను చేసిన ఘనకార్యం ఏమిటంటే, జరగని ఆరు మీటింగులను జరిగినట్టు రాసి, వచ్చినవాళ్ల సంతకాలన్నీ నేనే పెట్టాను. అనుమానం రాకుండా రెండు పెన్నులూ మార్చి మార్చి వాడాను కూడా. ఆ పుస్తకం తీసుకెళ్లి షోలాపూర్ మేడం ముందు పెట్టాను (మా ప్రిన్సిపాల్, షోలాపూర్‌లో పుట్టి పెరిగిన తెలుగావిడ). ఆవిడ నెమ్మదిగా పేజీలు తిప్పి, కళ్లద్దాలు తీసి అడిగింది.

"రిక్షా నడిపే మీ చిన్నాయిన ఇంగ్లీషుల సంతకం ఎప్పటిసంది చేస్తుండు?"

"ఈ మధ్యనే నేర్చిండు మేడం."

"గట్లనా? నాట్లున్నయని నెల రోజులు ఊరికి పోయిండు గద. మరి గీ మీటింగుకు ఎట్లొచ్చిండు?"

ఆవిడ తిట్టలేదు. పుస్తకం మూసి నావైపు జరిపింది. "అబద్ధంల అందరిని ఒక్కతాన మంచిగనే కూసోవెడితివి. నిజంగ కూసోవెట్టరాదు?" అంది.

దాంతో నిజం మీటింగు పెట్టక తప్పలేదు. మావాళ్లకు తీరిక దొరికేది సాంచెలకు కరెంటు ఉండని శుక్రవారమే కాబట్టి, ఆ రోజే రమ్మన్నాం. నేను పట్టుదలగా ప్రొజెక్టరు మీద చూపించడానికి నలభై స్లైడులు తయారు చేశాను. కరెంటు లేని రోజు ప్రొజెక్టరూ వెలగదన్న సంగతి జనమంతా కూర్చుని నావైపు చూస్తున్నప్పుడు గాని నాకు తట్టలేదు. నేను స్విచ్చు నొక్కుతూనే ఉన్నాను. చూసి చూసి వదిన లేచి, పక్క కార్ఖానా నుంచి ఒక తాకా, అంటే పెద్ద చుట్ట, కోరా గుడ్డ తెచ్చి, గోడ పొడవునా పట్టించి మేకులు కొట్టించింది. "ఎవలు ఏం జేస్తరో చెప్పుండ్రి. నేను రాస్త. అయినంక టిక్కు వెడదాం" అంది.

ఇక చూడాలి. సాంచెల పక్కన బతికిన గొంతులు కదా, మామూలుగా మాట్లాడినా గల్లీ చివరికి వినిపించాయి. కొట్లాట అనుకుని చూడ్డానికి వచ్చినవాళ్లు కూడా కూర్చుండిపోయారు. "అంజూర్ ఫాటా దిక్కెల్లి వచ్చే పోరిలను నేను తోల్కొస్త. ఒంటిగంటకు నా రిక్షా ఖాలీనే ఉంటది" అన్నాడు చిన్నాయిన. ఒక కూలీ లేచి, శుక్రవారాలు లైబ్రరీ తాను తెరుస్తానన్నాడు. పసిపిల్లలతో చదువు మానేసిన ఇద్దరు తల్లుల మాట వచ్చేసరికి మాత్రం ఎవరూ లేచి పేరు రాయించుకోలేదు. అప్పుడు వెనక నుంచి అమ్మ గొంతు వినిపించింది. "ఆ పోరగాండ్లను నా దగ్గర ఇడిసిపోండ్రి. ఎట్లాగు నా కోడలు గూడ గాడికే పోతది గద."

'అత్తమ్మ: పిల్లలను చూసుడు' అని వదిన రాసిన ఆ ఒక్క వరుసలో అక్షరాలు వంకరపోయాయి. తర్వాత నావైపు తిరిగి, "నువ్వేం జేస్తవ్ మర్దీ?" అంది. నేను మార్కరు అందుకుని, నా పేరు పక్కన ఇంగ్లీషులో పెద్ద పెద్ద అక్షరాలతో 'కోఆర్డినేషన్' అని రాశాను. అందరికన్నా కింద వదిన తన వరుస రాసుకుంది. 'నేను: పాసవుడు.'

మూడు నెలల తర్వాత కమిటీ వచ్చింది. నేను బైండు చేయించిన ఎనభై పేజీల రిపోర్టు అందుకున్న కమిటీ పెద్దావిడ, ప్లాను చూపించమంది. గుడ్డ నేల మీద పరిచాం. ఫ్యాను గాలికి అంచు లేస్తుంటే నా రిపోర్టును దానిమీద బరువుగా పెట్టింది మేడం (ఆ ఎనభై పేజీలు ఆ కాలేజీకి చేసిన సేవ అదే). పెద్దావిడ గుడ్డ పొడవునా నడుస్తూ ప్రతి వరుసా చదివించుకుని, ఆఖరి దగ్గర ఆగి, "దీనికి టిక్కు లేదేం?" అని మరాఠీలో అడిగింది. "పరీక్షలు మార్చిలో మేడం" అని వదిన కూడా మరాఠీలోనే చెప్పింది. "అయితే మార్చి దాకా కాలేజీ ఉండాల్సిందే కదా" అని నవ్విందావిడ. కొన్ని షరతులతో గుర్తింపు నిలిచింది. వదిన పాసైంది.

ఇప్పుడు ఆ లైబ్రరీ చూసుకునేది వదినే. మొన్న మళ్లీ కమిటీ వస్తుందంటే బీరువాలోంచి ఆ గుడ్డ తీశాం. చిన్నాయినకు టిక్కు, అమ్మకు టిక్కు, వదినకు టిక్కు. నా వరుస ఒక్కటే ఖాళీ. ఆ పని ఏమిటో ఎవరికీ తెలియలేదు, నిజం చెప్పాలంటే నాకూ తెలియలేదు. నవ్వేసి మడతపెట్టబోతుంటే వదిన ఆపింది.

"ఆగు మర్దీ. నువ్వు నా ఫారం నింపిన దినమే అయిపాయె నీ పని" అని మార్కరు తీసి టిక్కు పెట్టింది.

జేబులో రెండు పెన్నులూ ఉండగానే, పెన్ను ఎక్కడో పడిపోయిందంటూ నేను బల్ల కిందికి వంగి చాలాసేపు వెతికాను.