కొల్లేటి బడికి యూపీఎస్ మోసుకెళ్ళిన రోజు

మా చెల్లెలు సుగుణ కొల్లేటి లంకల్లో ఒక ఊరి అప్పర్ ప్రైమరీ స్కూల్లో టీచరు. ఆరు, ఏడు తరగతుల పిల్లల కోసం ఎవరో దాత ఆ బడికి ఒక కంప్యూటరు ఇచ్చారు. అక్కడ కరెంటు గంటకోసారి పోతుంది. గురువారం మండల విద్యాధికారి వస్తారని, పిల్లలు దానిమీద పనిచేయడం ఆయన కళ్ళారా చూడకపోతే దాన్ని దూరాన ఉన్న హైస్కూలుకి తరలిస్తారని సుగుణ ఫోన్లో ఏడ్చినంత పని చేసింది. తాడేపల్లిగూడెంలో మా చర్చి సంఘం వెంటనే కానుకలు పట్టి ఒక యూపీఎస్ కొంది. కరెంటు పోయినా కంప్యూటర్ని కాసేపు బతికించే బ్యాటరీ పెట్టె అది. సండే స్కూలు పెద్దని కాబట్టి దాన్ని చేరవేసే భాగ్యం నాకు దక్కింది.

గురువారం పొద్దున్నే ప్యాసింజరు ఎక్కాను. రాత్రంతా చార్జింగు పెట్టిన పెట్టెను గుడ్డసంచిలో ఉంచి, బైబిల్లో దేవుని మందసాన్ని మోసినంత భక్తిగా ఒళ్ళో పెట్టుకున్నాను. ఉంగుటూరు దాటాక బండి కుదుపుకి మీట నొక్కుకుపోయినట్టుంది, సంచిలోంచి 'కీ... కీ...' అని మొదలైంది.

ఎదురుగా కూర్చున్న పెద్దావిడ ముందుకి వంగింది. "ఏవండీ, కోడిపిల్లని అలా సంచిలో బిగించేశారేంటండీ? గాలాడొద్దూ?"

"కోడిపిల్ల కాదండీ, యూపీఎస్."

"ఏ జాతైతేనేంటండీ, ప్రాణం ప్రాణమే కదా!" అని ఆవిడే సంచి మూతి విప్పి, తన మూటలోంచి గుప్పెడు నూకలు తీసి లోపల పోసింది. నేను మీట వెతికి నొక్కగానే అరుపు ఆగింది. "చూశారా, ఆకలండీ దానికి," అందావిడ.

ఏలూరులో దిగి బస్టాండు దగ్గర ఇడ్లీ తిన్నాను. ఈ దారిన వెళ్ళేవాళ్ళు ఇక్కడే తినడం మంచిది. ముందుకు వెళ్తే చేపలు కావలసినన్ని కనిపిస్తాయి గాని, వండినవి కనిపించవు. తొమ్మిది గంటల బస్సు చేపల చెరువుల గట్లమీదుగా ఊగుతూ నన్ను రేవు దగ్గర దింపింది. అక్కడినుంచి పడవ. నీటిమీద నడిచేంత విశ్వాసం నాకింకా రాలేదు కాబట్టి ఒక చేత్తో సంచిని, ఇంకో చేత్తో పడవ అంచుని పట్టుకున్నాను. సంచిలాంటి పొడుగు ముక్కుల గూడబాతులు మాత్రం ఏ దిగులూ లేకుండా తేలుతున్నాయి.

బడిలో సుగుణ సంచి తిరగేస్తే నూకలు రాలాయి. "ఇవేంటి అన్నయ్యా?"

"దాని మేతమ్మా."

నవ్వే తీరిక లేదు సుగుణకి. అధికారిగారు అప్పటికే వచ్చి కుర్చీలో కూర్చున్నారు. వైర్లు తగిలించి కంప్యూటరు వెలిగించాం. సర్పంచిగారు కొబ్బరికాయ కొట్టారు. ప్రార్థన కూడా కావాలన్నారు. ఆ ఊళ్ళో ప్రార్థన అంటే సంతోషమ్మగారిదే. పెద్దావిడ, ప్రతి ఇంటినీ పేరుపేరునా దేవుని ముందు పెడుతుంది. అధికారిగారితో సహా అందరం కళ్ళు మూసుకున్నాం.

పడవరేవు దగ్గర మొదటి ఇంటితో మొదలుపెట్టిందావిడ. నాలుగో ఇంటికి వచ్చేసరికి నెత్తిమీద ఫ్యాను ఆగింది. యూపీఎస్ 'కీ' అంది. "ఆమెన్," అన్నారు వెనకనుంచి ఎవరో. మళ్ళీ 'కీ'. ఈసారి పిల్లలంతా "ఆమెన్!" అన్నారు.

సుగుణ నా మోచేతిని గిల్లింది. "అన్నయ్యా, బ్యాటరీ పది నిమిషాలే. ఆపించు!"

ప్రార్థన చేస్తున్న మనిషిని మధ్యలో ఆపడం నా జన్మలో ఎరగను. సంతోషమ్మగారు రెండో వీధిలోకి మళ్ళింది. పెట్టె కీకీమని తొందరపడింది, ఆమెన్లూ తొందరపడ్డాయి. ఆవిడ ఠక్కున ఆగింది. మా సువార్త కూటాల్లో ప్రసంగం సాగిపోతే అధ్యక్షులవారు గంట కొడతారు. ఇదీ అదేననుకుంది పాపం.

"గంట కొట్టేస్తున్నారు ప్రభువా, మిగతా ఇళ్ళు నువ్వే చూసుకో. ఆమెన్."

ఏడో తరగతి పుష్ప ఒక్క గెంతులో కుర్చీ ఎక్కి, మౌసు పట్టుకుని బొమ్మ గీయడం మొదలుపెట్టింది. పొట్ట, రెక్క, మెడ, కన్ను. ముక్కు సగంలో ఉండగా తెర నల్లబడింది. సుగుణ ముఖమూ అంతే.

అధికారిగారు కళ్ళజోడు తుడుచుకున్నారు. "బాతా అమ్మా?"

"గూడబాతండీ. ముక్కు అవలేదండీ. ముక్కు లేకపోతే అది గూడబాతే కాదండీ!"

"అయితే ముక్కు చూడ్డానికి వచ్చే నెల మళ్ళీ వస్తాను. అందాకా కంప్యూటర్ని ఇక్కడే ఉంచండి టీచరుగారూ," అన్నారాయన. సుగుణ కొంగుతో కళ్ళు ఒత్తుకుంది.

సాయంత్రం తిరుగు పడవలో సంతోషమ్మగారు నా పక్కనే కూర్చుంది. అవతలి గట్టున కూతురింటికట. "నాకే గంట కొట్టించారు కదండీ బాబూ!" అంది. నేను నోరు తెరిచేలోపే, "సరే, ఇక్కడ గంటలేమీ లేవుగా. కళ్ళు ముయ్యండి," అంది.

రెండో వీధి మొదటి ఇంటినుంచి అందుకుంది. పడవ ఒడ్డుకు తగిలింది, పడవవాడు తెడ్డు పెట్టి తల వంచుకుని నిలబడ్డాడు. ఏలూరు బస్సు హారన్ కొట్టి కొట్టి వెళ్ళిపోయింది. దూరప్రయాణాలు చాలా చేశాను గాని, ఒక ఊరినంతా ఇంటింటికీ తిరిగి చూడటం అదే మొదటిసారి, అదీ కళ్ళు మూసుకుని. ఆవిడ ఒక్క ఇల్లూ వదల్లేదు. అన్నిటికన్నా చివర బడి వచ్చింది.

"ప్రభువా, ఆ పిల్ల ముక్కు పూర్తయ్యేదాకా కరెంటు తియ్యకు."

ఆ రోజు అందరికన్నా గట్టిగా ఆమెన్ అన్నది నేనే.