ట్యాంకు మీద మేకతల

"ఒరేయ్ బుడాన్, నువ్వు సాతానుకి మొక్కుతావంటరా?"

తన కొడుకు పెద్దకర్మ అయిన మర్నాడు శివరామకృష్ణ అడిగిన మాట ఇది. చిలకలూరిపేట బైపాసు పక్కన బుడాన్ పెయింటింగ్ షెడ్డు ముందు, ఆటోలోంచి దించిన సొట్టల బైకు పక్కన నిలబడి అడిగాడు.

బుడాన్ ముప్పై ఏళ్ళుగా లారీలకు రంగులేస్తున్నాడు. పూలు, పులులు, వాటికంటే ఎక్కువగా రాక్షస ముఖాలు: కొమ్ములు, కోరలు, బయటికి వేలాడే ఎర్ర నాలుక. లారీకైనా, కట్టే ఇంటికైనా దిష్టి తగలకుండా ఒకటి ఉండాలి మరి. మిరప డబ్బుతో శివరామకృష్ణ లేపిన మేడకు వేలాడుతున్నదీ బుడాన్ గీసిందే. ఆ కొమ్ములు ఏ దేవుడివని ఎవరూ అడగలేదు.

శివరామకృష్ణ కొడుకు కోటేష్ ఇంజనీరింగ్ మూడో ఏడు. జూన్‌లో వచ్చి ఫోన్లో బొమ్మ చూపించాడు. నక్షత్రంలో మేకతల.

"ఇదేంటి బాబూ?"

"సాతాను గుర్తు బాబాయ్. బైకు ట్యాంకు మీద వెయ్యాలి."

బుడాన్ బ్రష్షు కింద పెట్టేశాడు. "నమాజు చేసుకునేవాణ్ణి. షైతాన్ పనులు నాకెందుకయ్యా?"

"అబ్బా, ఆ గుర్తు పెట్టుకునేవాళ్ళలో చాలామందికి సాతాను ఉన్నాడన్న నమ్మకమే లేదు. దేవుడూ లేడు, వాడూ లేడు. ఎవరికీ తలవంచం అనడానికి ఆ పేరు పెట్టుకున్నారంతే. నిజంగా కొలిచేవాళ్ళు ఎక్కడో కొద్దిమంది."

"మరి బలులు, రక్తం తాగడం?"

"సినిమాల్లో! పిల్లల జోలికి పోకూడదని వాళ్ళ పుస్తకంలోనే ఉంది."

"నువ్వు చేరావా అందులో?"

"లేదులే. బొమ్మ బాగుంది."

బొమ్మ నిజంగానే బాగుందని బుడాన్‌కీ అనిపించింది. కోటేష్ ఎనిమిది వందలకు ఒప్పుకుని రెండు వందలు ముందుగా ఇచ్చాడు. బుడాన్ మూడు రోజులు కూర్చుని చెవిమీద వెంట్రుకలు కూడా ఒక్కొక్కటిగా దిద్దాడు. జీవితంలో అంత బాగా ఇంకేదీ గీయలేదు.

డిసెంబర్‌లో ఒక ఉదయం, పొగమంచులో, రోడ్డు మీద లైట్లు లేకుండా ఆపిన పత్తి లోడు లారీని కోటేష్ గుద్దుకున్నాడు. హెల్మెట్ అద్దానికే వేలాడుతోంది. చేరిన జనం లైట్ల సంగతి అడగలేదు, హెల్మెట్ సంగతీ అడగలేదు. అందరి కళ్ళూ మేకతల మీదే.

ఇప్పుడు తండ్రి అడుగుతుంటే బుడాన్‌కి కోటేష్ మాటలే గుర్తొచ్చాయి. "వాళ్ళు షైతాన్‌ని నమ్మనే నమ్మరంటండీ. బాబే చెప్పాడు."

"అంటే అది సాతానుదని తెలిసే వేశావన్నమాట!"

రంగు కోసం వరసలో ఉన్న రెండు లారీలూ కదిలి వెళ్ళిపోయాయి. నమ్మకం లేనివాళ్ళంటే ఊరికి మరీ భయం.

"చెరిపెయ్," అన్నాడు శివరామకృష్ణ, స్టూలు లాక్కుని కూర్చుంటూ.

బుడాన్ థిన్నర్ పోసి గుడ్డతో రుద్దాడు. కొమ్ములు పోయాయి, చెవులు పోయాయి. ఒక కన్ను మిగిలింది.

"ఆగరా." శివరామకృష్ణ స్టూలు ముందుకు జరిపాడు. "వాడేమన్నాడు? ఇంకోసారి చెప్పు."

"బొమ్మ బాగుందన్నాడండీ."

"నవ్వాడా?"

"నవ్వే అన్నాడండీ."

శివరామకృష్ణ కండువాతో మొహం కప్పుకున్నాడు. కండువా తియ్యకుండానే, కానివ్వమన్నట్టు చెయ్యి ఊపాడు. బుడాన్ ఆ కన్ను కూడా తుడిచేశాడు.

సాయంత్రం ఇంట్లో భార్య ఫాతిమా ఒకటే తిట్లు. "ఏ బొమ్మో నాకు తెలీదనుంటే పోయేదిగా! నిజాలు చెప్పి ఏం కట్టుకుపోతావ్?"

లారీలు మళ్ళీ రాలేదు. మేడ మీద బుడాన్ గీసిన కొమ్ముల ముఖం మాత్రం నాలుక చాపుకుని అక్కడే ఉంది.

ట్యాంకు బొమ్మకు రావలసిన ఆరు వందలు ఇంకా రాలేదు.