ఒక మెట్టు దిగిన పియానో

మూడేళ్ల కిందట, వానలు వదలని నెలలో, కువాలా సెలంగోర్ నుంచి ఫోన్ వచ్చింది. రెండూ మలేసియా ఊళ్లే; నేను బంటింగ్‌లో ఉంటాను. ముప్పై ఏళ్లుగా పియానోలకు శ్రుతి కూర్చడమే పని. అప్పటికే నడుము పోయింది, ఓపికా పోయింది. చెవులు మాత్రం మిగిలాయి.

ఫోన్ చేసిన ఇంటాయన స్పెయిన్ దేశపు ప్రేమపాటల గాయకుడు. తన పాటలకు బాణీలు తనే కట్టుకున్నాడు. వయసు డెబ్బై ఎనిమిది. ఎక్కడో ఓడరేవు ఊళ్లో మంగలి కొడుకు. పంతొమ్మిదో ఏట పాడిన తొలి పాట రికార్డయి దేశాలు తిరిగింది. తర్వాత పెద్ద హాళ్లు, ఆ తర్వాత హోటళ్లు, చివరికి షికారు ఓడలు. అలా పోర్ట్ క్లాంగ్‌లో దిగి, ఇక్కడి ఆవిడను పెళ్లాడి ఉండిపోయాడు. ఆవిడ పోయి నాలుగేళ్లు. వంట చేసేది మా తెలుగామె, సూరమ్మప్ప. అప్ప అంటే మాకు అక్క. ఇక్కడి మలై వాళ్లలాగే మాట చివర ఊరికే ‘లా’ తగిలిస్తుంది.

"ఆదివారం మధ్యాహ్నం ఈ హాల్లోనే నా ఆఖరి కచేరీ. పియానో శ్రుతి మొత్తం ఒక మెట్టు దించాలి. ఎవరికీ తెలియకూడదు," అన్నాడాయన.

తొలి పాటలో పైస్థాయి స్వరం ఒకటుంది. అది ఇప్పుడు అందడం లేదు. కింది మెట్టు నుంచి వాయించుకోవచ్చు కదా అంటే, వచ్చేవాళ్లలో వాయించడం తెలిసినవాళ్లున్నారు, వేళ్లు చూసి పట్టేస్తారన్నాడు.

"మా రామాలయం భజనలో ముసలమ్మ పాడితే హార్మోనియం వాయించేవాడే మెట్టు దిగుతాడు. అందులో సిగ్గేముంది?" అన్నాను.

"ఆ ముసలమ్మ రికార్డు ఎవరింట్లోనూ లేదు. నా కుర్రతనపు గొంతు వీళ్లందరి ఇళ్లలో ఉంది."

విసుక్కుంటూనే ఒప్పుకున్నాను. పియానోలో రెండు వందలకు పైగా తీగలు. ఒక్కోటి ఒక ట్యూనింగ్ పిన్‌కు, అంటే ఉక్కు మేకుకు, చుట్టి ఉంటుంది. మేకు కాస్త తిప్పితే తీగ వదులవుతుంది. కానీ అంత పెట్టె ఒక్కసారిగా మాట వినదు. ఈరోజు దించితే రేపటికి మళ్లీ పైకి పాకుతుంది. మూడుసార్లు తిరిగాను.

మూడోనాడు ఆయన పాడి చూశాడు. స్వరం అందింది. వంటింట్లోంచి సూరమ్మప్ప వచ్చింది.

"ఏటి తమ్ముడూ, దొరగోరి పాట కిందకి దించీసినావా?"

"నీకెలా తెల్సినాది అప్పా?"

"రోజూ అక్కడికొచ్చి దగ్గుతారు లా. ఇయ్యాల దగ్గనేదు. ఇదే బాగున్నాది."

ఏమంటోందని ఆయన అడిగాడు. మాట మార్చేయొచ్చు, కానీ మనసొప్పలేదు. ఉన్నదున్నట్టు చెప్పాను. ఆయన పియానో మూసి, మూత మీద చెయ్యి పెట్టుకుని కూర్చుండిపోయాడు. కచేరీ మానేస్తాడేమోనని నాకు భయం పట్టుకుంది.

ఆదివారం ముప్పైమంది దాకా వచ్చారు. పాడేముందు ఆయనే లేచి, "ఈ పియానో ఒక మెట్టు దిగింది. నేనే దించమన్నాను," అన్నాడు. ఎవరో నవ్వారు. ఆ నవ్వు ఆగేదాకా నిలబడి, అప్పుడు పాడాడు. స్వరం అందింది. నాకు ఏడుపొచ్చింది.

అందరూ వెళ్లాక, "రేపు వచ్చి మళ్లీ పైకి ఎక్కించండి," అన్నాడు. "దీన్ని ఈ ఊరి బడికి ఇచ్చేస్తున్నాను. పిల్లల చెవులకు నా గొంతు వయసు అంటకూడదు."

"మరి మీరు పాడుకోవాలంటే?"

"పాడేశాను కదా."

దించడం కంటే ఎక్కించడం కష్టం. రెండు తీగలు తెగాయి. ఆయన పక్కనే కుర్చీ వేసుకుని ప్రతి తీగనూ విన్నాడు. ఆ పైస్వరం తన అసలు చోటికి చేరగానే, "చాలు, అక్కడే ఉండనివ్వండి," అని లేచి లోపలికి వెళ్లిపోయాడు.

సరైన శ్రుతి అంటే ఒక్కటే ఉంటుందని అంతకాలం నమ్మాను. ఆ శ్రుతి ఎవరి గొంతు కోసమో ముందు అడగాలని ఆయన దగ్గర నేర్చుకున్నాను. ఇప్పుడు ఏ ఇంటికి వెళ్లినా, మూత తెరవకముందే, దీంతో పాడేదెవరని అడుగుతాను. చాలా ఇళ్లలో, ఎవరూ పాడరండీ, ఊరికే ఉంచాం అంటారు.