గీత చీలిన చోటు

విరుదునగర్‌లో నేను పాఠం చెప్పే కాలేజీ లాబులో నల్ల తెర దించగానే ఒక ముతక గుడ్డ వాసన వస్తుంది. ఆ వాసనకు కోవిల్‌పట్టి వెంకటసామి సార్ గుర్తుకొస్తారు. నేను చదివిన కాలేజీలో ఆయన ప్రొఫెసర్ కారు, ప్రయోగాలు చూపించే డెమాన్‌స్ట్రేటర్. అందరితో తమిళమే మాట్లాడేవారు. నాదీ నల్లరేగడి పల్లెలోని తెలుగు ఇల్లేనని తెలిశాక, చీకటి గదిలో నాతో మాత్రం తెలుగు మాట్లాడేవారు. అమ్మతో తప్ప ఎవరితోనూ ఆ భాష మాట్లాడని నాకు అదెంతో ముద్దుగా ఉండేది.

ఒకరోజు ఆయన లేజర్ వెలుగును గాజుపలకతో రెండు పాయలు చేశారు. ఒక పాయను నల్ల కాగితంలో అడ్డదిడ్డంగా చింపిన కంతలోంచి పంపి, మళ్ళీ రెండూ గోడమీద కలిసేలా అద్దాలు పెట్టారు. గోడనిండా ఎర్రటి గీతలు పడ్డాయి. ఒకచోట మాత్రం ఒక గీత రెండుగా చీలింది.

“ఈ కోడు చూడు పాపా, ఈడ రెండయింది,” అంటూ ఆ గీతను చూపించి, నేరుగా వచ్చే పాయకు అరచెయ్యి అడ్డం పెట్టారు. గీతలు మాయమయ్యాయి. చీలిక ఉన్నచోట చిన్న నల్లచుక్క మిగిలింది.

“దుమ్మేమో సార్?”

“తుడిచి చూస్తిని, పోలేదు. వెలుగు ఆడ సున్నా అయిపోతాది. ఎందుకో నాకూ తెలీదు. నువ్వు చూసినట్లే గీయి, చెరపొద్దు.”

నేను గీస్తేగా! మా కాలేజీలో రికార్డు రాయడమంటే ముందటేటి వాళ్ళ రికార్డు పక్కన పెట్టుకుని దించడమే. అందులో గీతలన్నీ తిన్నగా ఉన్నాయి. నేనూ స్కేలు పెట్టి తిన్నగానే గీశాను.

పరీక్షనాడు సార్ మళ్ళీ అదే ప్రయోగం అమర్చారు. బయటినుంచి వచ్చిన ఎగ్జామినర్ నా రికార్డు చూశాడు, గోడమీద చీలిన గీత చూశాడు. ఏది సరైనదని తమిళంలో అడిగాడు. పక్కనే ఉన్న సార్ మెల్లగా, “బయపడకు పాపా, చూసింది చెప్పు,” అన్నారు. అందరిముందూ ఇంటిభాషలో పలకరించారని నాకు ఒళ్ళు మండింది. మార్కులు పోతాయన్న భయం సరేసరి. “రికార్డే సరి సార్. ఈయన అద్దాలు సరిగా పెట్టలేదు,” అని తమిళంలో చెప్పేశాను. ఎగ్జామినర్ ఆయన్ని అక్కడే కడిగిపారేశాడు. ఆపైన ఆయన్ని లేజర్ గదిలోంచి తీసేసి, బ్యాటరీలకు నీళ్ళు పోసే పని అప్పగించారు. నాకు మాత్రం మంచి మార్కులొచ్చాయి.

పరిశోధనకు మదురై వెళ్ళాక అసలు సంగతి తెలిసింది. వెలుగు పూర్తిగా లేకుండా పోయే ఆ బిందువు దగ్గర, అల లేచిందో పడిందో చెప్పడానికి వీల్లేదు. అల దాని చుట్టూ సుడి తిరుగుతుంది. గీత చీలడం అందుకు గుర్తు. అద్దాలు సరిగానే ఉన్నాయి. ఆ మాట ఆయనకు చెప్పడానికి, సిగ్గుకొద్దీ, నాకు ఇంకో ఏడేళ్ళు పట్టింది.

శ్రీవిల్లిపుత్తూరు పాల్కోవా పట్టుకుని కోవిల్‌పట్టిలో ఆయన ఇంటికి వెళ్ళాను. బాగా చిక్కిపోయారు, అయినా నన్ను వెంటనే గుర్తుపట్టారు. కాలేజీలో పాఠం చెబుతున్నానన్నాను. కాగితంమీద బొమ్మ గీసి చూపించి, మా ఇంటి తెలుగులోనే చెప్పాను: “ఆ చీలిక నిజమే సార్. ఆ పొద్దు నేను అబద్దం చెప్పినాను.”

ఆయన బొమ్మను చాలాసేపు చూశారు. మొహం వెలిగింది. తర్వాత తలెత్తి, “రొంబ సందోషం. ఉక్కారుంగ,” అన్నారు. చాలా సంతోషం, కూర్చోండి అని తమిళంలో, మర్యాదగా, మీరు అంటూ. పాపా అన్న పిలుపు లేదు.

లోపలున్న భార్యకు మాత్రం తెలుగులోనే కేకేశారు: “ఏమే, ఎవరో కాలేజీ టీచరమ్మ వచ్చినారు. కాపీ పెట్టు.”

ఆ కాఫీ తాగి వచ్చేశాను. ఆయన నన్ను తిట్టి ఉంటే ఎంత బాగుండేదో అని ఇవాళ్టికీ కుమిలిపోతుంటాను.