తూర్పు: సముద్రం (ప్రస్తుతానికి)

ఆ రోజుల్లో కోర్టు పని నేర్చుకోవడానికి కోర్సులుండేవి కావు, దబ్బనం ఉండేది. మొన్న మా మనవరాలు ఫోన్లో ‘పారాలీగల్ కోర్సు’లో చేరానని, ప్లీడర్లకి కాగితాలు తయారుచేసి పెట్టే ఉద్యోగమని, అందులో పన్నెండు మాడ్యూల్స్ ఉంటాయని గొప్పగా చెబుతుంటే ఊరుకోలేక, “ఆ చదువు నేనూ చదివానమ్మా, కాకినాడలో” అన్నాను. “మీకెన్ని మాడ్యూల్స్ తాతయ్యా?” అంది. లెక్కేసుకుంటే మూడు తేలాయి: కాగితాలు కుట్టడం, కాగితాలు రాయడం, తిట్లు తినడం. (మూడోదాంట్లో నేను ఫస్టు క్లాసని దానికి చెప్పలేదు. తాతలకి కూడా కాస్త పరువుంటుంది.)

డెబ్భైల చివరి మాట. రామచంద్రపురంలో ఇంటరు రెండుసార్లు తప్పాక మా నాన్నగారు నా భవిష్యత్తుని మా మేనమామ ఎరువుల కొట్లో చూశారు. మావయ్య మంచివాడే. కాకపోతే కొట్టుకొచ్చిన ప్రతి రైతుకీ, “మా మేనల్లుడండి, ఇంటరు తప్పాడు” అని నన్ను పరిచయం చేసే అలవాటొకటి ఉంది. ఓ వేసవి సెలవుల్లో పది రోజులు కూర్చుంటే, పదకొండో రోజుకి చుట్టుపక్కల ఊళ్ళన్నిటికీ నేను ఏ ఏ సబ్జెక్టులు తప్పానో కూడా తెలిసిపోయింది. ఆ పరిచయం జీవితాంతం వినే ఓపిక లేక మా బావగారిని బతిమాలుకుంటే, ఆయన కాకినాడలో తనకి తెలిసిన ప్లీడరుగారి దగ్గర గుమాస్తా పని నేర్చుకోవడానికి కుదిర్చారు. ప్లీడరుగారు మితభాషి. నన్ను పైనుంచి కిందిదాకా చూసి, “ఆర్నెల్లు నేర్చుకో. పనికొస్తే ఉంచుకుంటాను. లేకపోతే మీ నాన్నగారికి ఉత్తరం రాస్తాను” అన్నారు. ఆ ఉత్తరం అందిన మర్నాడే నేను ఎరువుల కొట్లో ఉంటానని నాకు తెలుసు. అందుకని ఆ ఆర్నెల్లూ పోస్టుమాన్ కనిపిస్తే చాలు, నా గుండె ఓ మెట్టు దిగేది.

నాకు పని నేర్పింది ప్లీడరుగారు కాదు, ఆయన పెద్ద గుమాస్తా. ఏళ్ళ తరబడి దావాలు రాసి రాసి ఆయన నోట్లో ‘సదరు’ అనే మాట కాపురం పెట్టేసింది. “సదరు కాఫీ చల్లారిపోయింది” అనేవారు, “సదరు గొడుగు ఎవరు పట్టుకెళ్ళారు?” అనేవారు. ఓసారి ఇంటి దగ్గర్నుంచి కబురొస్తే, “సదరు ఇల్లాలికి ఇప్పుడేం కావాలంట?” అన్నారని కోర్టంతా చెప్పుకున్నారు. వెనకాల అందరూ ఆయన్ని సదరుగారు అనే పిలిచేవారు. మొదటి నెలంతా నా చేత దబ్బనం, దారం పట్టించి కాగితాలు కుట్టించారు. రెండు వేళ్ళ మార్జిన్ వదలాలి, ముడి వెనక్కి రావాలి, కుట్టు అక్షరాన్ని తాకకూడదు. నేను కుట్టిన మొట్టమొదటి దావాలో అన్నీ సరిగ్గానే వచ్చాయి గానీ, నా చొక్కా కొస కూడా కలిసి కుట్టుకుపోయింది. “సదరు చొక్కాని కూడా దాఖలు చేద్దామా అబ్బాయ్, లేకపోతే విప్పుకుంటావా?” అన్నారు సదరుగారు, కళ్ళజోడు పైనుంచి చూస్తూ. రెండో నెల నకళ్ళు రాయడం. మూడో నెలలో హద్దుల పాఠం మొదలైంది.

ఇల్లయినా పొలమయినా, ఆస్తి గురించి కోర్టుకి కాగితం రాస్తే దానికి నాలుగు పక్కలా ఏముందో రాయాలి. అభ్యాసం కోసం మా ఆఫీసు పెరటికి హద్దులు రాసి తెమ్మన్నారు. నేను చుట్టూ తిరిగి, ముచ్చటైన దస్తూరీతో రాసి తీసుకెళ్ళాను. సదరుగారు రెండో వరుస దగ్గర ఆగిపోయారు.

“దక్షిణం గడ్డిమేటా?”

“అవునండి, పక్కింటివాళ్ళదండి. చాలా పెద్దదండి.”

“పక్కింట్లో ఏమున్నాయి?”

“గేదెలండి. రెండు.”

“సదరు గేదెలు సదరు గడ్డిమేటుని ఏం చేస్తాయి?”

“తింటాయండి.”

“మరి ఉగాది నాటికి మన దక్షిణపు హద్దు ఎక్కడుంటుంది?” జవాబూ ఆయనే చెప్పారు. “గేదె కడుపులో ఉంటుంది! హద్దు చూపించమని జడ్జిగారు అడిగితే గేదెని బోనెక్కిస్తావా?”

ఆ సాయంత్రం నా చేత ‘కదిలేది హద్దు కాదు, కరిగేది హద్దు కాదు, గేదె తినేది హద్దు కాదు’ అని వందసార్లు రాయించారు. (మూడో ముక్క కోర్టు నియమాల్లో ఎక్కడా లేదని తర్వాతెప్పుడో తెలిసింది.)

అయిదో నెలలో ఉప్పాడ నుంచి ఓ కేసు వచ్చింది. ఇద్దరు తోటికోడళ్ళు. ఇద్దరి ఇళ్ళల్లోనూ మగ్గాలున్నాయి, జరీ చీరలు నేస్తారు. రెండిళ్ళ మధ్యా నాలుగడుగుల సందు ఉంది. రంగు వేసిన నూలు ఆరేసుకోడానికి ఆ సందు నాదంటే నాదని ఇద్దరూ రెండేళ్ళుగా మాట్లాడుకోవడం మానేశారు. మావగారు పంపకాలు చేసినప్పుడు రాసిన పాత కాగితంలో ఆ సందు ఎవరిదో రాయడం మర్చిపోయారు. పెద్దావిడ మా పార్టీ. దావా వేయాలంటే ఆ సందుకి ప్లాను గీయాలి. మామూలుగా సదరుగారే వెళ్ళేవారు గానీ, ఆయనకి అప్పుడే నడుం పట్టేసింది. నా చేతిలో గుడ్డ టేపు, పాత కాగితం నకలు పెట్టి, “సోమవారం దావా పడాలి. ఇదే నీ పరీక్షనుకో. తప్పితే ఈసారి సప్లిమెంటరీ లేదు” అన్నారు.

పొద్దున్నే బస్సెక్కి ఉప్పాడ వెళ్ళాను. మాది కాలవల సీమ. సముద్రాన్ని అంత దగ్గరగా నేను చూడటం అదే మొదటిసారి. అయినా చూడనట్టు, గంభీరంగా, నకలు తీసి పెద్దావిడకి చదివి వినిపించాను. “ఇందులో తూర్పు హద్దు వీధి అని ఉందమ్మా. వీధెక్కడండీ?”

ఆవిడ గడ్డంతో సముద్రం వైపు చూపించింది. “అదిగో బాబూ, ఆ పడవ కనిపిస్తందా? దాని కింద.”

నాతో వేళాకోళం ఆడుతోందనుకున్నాను. కాగితంలో వీధి ఉంది కాబట్టి వీధి ఉండాలి. మూడు నెలలుగా నేర్చుకున్నది అదే మరి. ఇంతలో అవతలి అరుగు మీదికి చిన్నావిడ వచ్చి నిలబడింది. “ఏం కొలుస్తన్నారో ఆవిడగార్ని అడిగి చెప్పండి బాబూ” అంది నాతో. మూడు గజాల దూరంలో ఉన్న పెద్దావిడ, “సందు కొలుస్తన్నామని ఆవిడగారికి చెప్పండి” అంది, అదీ నాతోనే. నేను ఇటు తిరిగి ఒకటి, అటు తిరిగి ఒకటి ఒప్పజెప్పాను. కొలిచినంతసేపూ అదే పని. మెడ నొప్పెట్టింది గానీ కొలత బ్రహ్మాండంగా వచ్చింది: పడమర రోడ్డు నుంచి తూర్పున నీళ్ళ అంచు దాకా అరవై రెండడుగులు. రాసుకుని కింద గీత కూడా గీశాను.

పెద్దావిడ పెట్టిన భోజనం చేసి, ఆ గాలికి చావట్లో ఓ కునుకు తీశాను. లేచేసరికి చిన్నావిడ గుమ్మంలో ఉంది. పొద్దున్న తన తరఫున ఎవరూ టేపు పట్టుకోలేదు కాబట్టి అది చెల్లదని, ఈసారి ఓ కొస తను పట్టుకుంటానని, మళ్ళీ కొలవాలని పట్టుబట్టింది. సరే, గుమాస్తా అన్నాక అందరికీ న్యాయం చెయ్యాలి కదా అని మళ్ళీ కొలిచాను.

నలభై తొమ్మిదడుగులు వచ్చింది.

ఇంకోసారి కొలిచాను. నలభై ఎనిమిదిన్నర. పొద్దున్న కొలిచినప్పుడు టేపు నీళ్ళల్లో తడిసింది. గుడ్డ టేపు కదా, పాత బనీనులా సాగిపోయిందని నా నిర్ణయం. గోడకి ఆనుకుని నిలబడి నన్ను నేను కొలుచుకున్నాను. అయిదడుగుల నాలుగంగుళాలు, ఎప్పటిలాగే. అంటే టేపయినా బాగుండాలి, లేకపోతే దాంతోపాటు నేనూ సాగిపోయి ఉండాలి. మావయ్య గొంతు చెవిలో వినబడుతోంది: ‘మా మేనల్లుడండి, ఇంటరు తప్పాడు, కొలత కూడా తప్పాడు.’ ఏడుపు గొంతుతో, “అమ్మా, పదమూడడుగులు ఎవరో తీసేశారండి” అన్నాను.

ముందు పెద్దావిడ నవ్వింది. తర్వాత చిన్నావిడ. చివరికి ఇద్దరూ చెరో అరుగు మీదా కూలబడి, కొంగులు నోటికడ్డం పెట్టుకుని నవ్వారు. “పొద్దున్న పాటు బాబూ, ఇప్పుడు పోటు. సముద్రం వెనక్కెళ్ళి ముందుకొస్తదని మీ ప్లీడరుగారు చెప్పలేదా?” అంది పెద్దావిడ కళ్ళు తుడుచుకుంటూ. చెప్పలేదు. గేదెల గురించి చెప్పారు గానీ సముద్రం గురించి ఎవరూ చెప్పలేదు.

నవ్వు తగ్గాక చిన్నావిడ ఇసకలో పడున్న టేపు కేసి చూస్తూ ఉండిపోయింది. “నలభై తొమ్మిదేనా? మావగారు పంచినప్పుడు నూటిరవై ఉండేది కదక్కా?”

“నూటిరవై అయిదు” అంది పెద్దావిడ.

నేను అలవాటుగా మెడ తిప్పబోయి ఆగిపోయాను. ఈ రెండు మాటలూ నా మీదుగా వెళ్ళలేదు. రెండేళ్ళ తర్వాత వాళ్ళిద్దరూ ఒకరితో ఒకరు మాట్లాడుకున్న మొదటి మాట, అడుగుల లెక్క. ఆ తర్వాత నా అవసరం లేకపోయింది. వీధి ఎప్పుడు పోయింది, వీధి అవతలి కొబ్బరి చెట్లు ఏ తుఫానుకి పోయాయి, మావగారు పాతిన హద్దురాయి ఎక్కడుండేది అని ఇద్దరూ సముద్రంలోకి వేళ్ళు పెట్టి చూపించుకుంటూ, తేదీల దగ్గర దెబ్బలాడుకుంటూ కూర్చున్నారు. నేను టేపు చుట్టుకుని బస్సెక్కాను.

దారి పొడుగునా ఒకటే బెంగ. అరవై రెండు రాస్తే మధ్యాహ్నానికి అబద్ధం, నలభై తొమ్మిది రాస్తే మర్నాడు పొద్దున్నకి అబద్ధం. పైగా కదిలేది హద్దు కాదని నా చేత్తో నేనే వందసార్లు రాశానాయె. గదికెళ్ళి, రెండు కాగితాలు చించేసి, మూడోదాని మీద ప్లాను గీసి, ‘తూర్పు: సముద్రం, ప్రస్తుతానికి’ అని రాశాను. ఏ దేవుడు నా చేత రాయించాడో తెలీదు.

సోమవారం పొద్దున్న ప్లీడరుగారు ఆ కాగితాన్ని చాలాసేపు చూశారు. పక్కన నడుం పట్టుకుని సదరుగారు. “ప్రస్తుతానికి అంటే ఏంటయ్యా? ఎప్పటిదాకా?”

“మధ్యాహ్నం మూడింటిదాకా అండి” అన్నాను. నిజమే చెప్పాను.

ఆయన ఏదో అనబోతుండగా తోటికోడళ్ళిద్దరూ లోపలికొచ్చారు. ఒకే బస్సులో వచ్చారు, ఒకే బెంచీ మీద కూర్చున్నారు. సదరుగారు కంగారుగా, “ప్రతివాది మన ఆఫీసులోకి రాకూడదమ్మా” అన్నారు. “ప్రతివాది ఏంటండీ, మా చెల్లి” అంది పెద్దావిడ. దావా వద్దని చెప్పడానికి వచ్చారు. ప్లీడరుగారు ముక్కుపొడుం డబ్బా మూసి, “మరి సందు ఎవరిదని తేల్చుకున్నారు?” అని అడిగారు.

“సముద్రానిదండి” అంది చిన్నావిడ. “అది తీసుకునేదాకా ఇద్దరం వాడుకుంటాం.”

వాళ్ళు వెళ్ళిపోయారు. దాఖలు కాకుండానే దావా కొట్టేయించిన గుమాస్తా జిల్లాలో నేనొక్కణ్ణే అయ్యుంటాను. ప్లీడరుగారు కలం తీశారు. ఇక మా నాన్నగారికి ఉత్తరమే అనుకున్నాను. అప్పుడు సదరుగారు గొంతు సవరించుకున్నారు. “సదరు కుర్రాణ్ణి ఉంచుకోండి బాబుగారూ. వీడికి అబద్ధం రాయడం ఒక్కటే చేతకాదు. అది మనం నేర్పుకోవచ్చు.” ప్లీడరుగారు నవ్వడం ఆ ఆర్నెల్లలో అదే చూడటం.

ఉంచుకున్నారు. సదరుగారు పోయేదాకా నాకు ఆ పాఠం నేర్పుతూనే ఉన్నారు. నేను సగమే నేర్చుకున్నాను. చాలా ఏళ్ళకి ఉప్పాడ వెళితే, నేను కునుకు తీసిన చావడి ఉన్నచోట పడవలు తిరుగుతున్నాయి. తోటికోడళ్ళు ఊళ్ళోకి జరిగి కొత్త ఇళ్ళు కట్టుకున్నారట, ఈసారి ఒకే గోడ, మధ్యలో సందు వదల్లేదట. పెద్దావిడ లేదని చిన్నావిడే చెప్పింది. నన్ను గుర్తుపట్టి, “పదమూడడుగుల బాబు కదూ?” అని నవ్వబోయి, కళ్ళు ఒత్తుకుంది.

ఇదంతా విని మా మనవరాలు, ఈ కథ తన క్లాసులో చెబుతానంది. తర్వాత మాట మార్చడానికి కాబోలు, “డాక్టరు దగ్గరికెళ్ళారట, ఎలా ఉన్నారు తాతయ్యా?” అని అడిగింది. బాగానే ఉన్నానని చెప్పి ఫోన్ పెట్టేసేవాణ్ణే. కానీ ఇంటరు తప్పిన ఆ కుర్రాడు, చేతిలో తడిసిన టేపుతో, ఎక్కడి నుంచో వచ్చి పక్కన నిలబడ్డాడు.

“బాగానే ఉన్నానమ్మా” అన్నాను, “ప్రస్తుతానికి.”