అవుకు నీళ్ల మీద దీవెన కొట్టిన చుట్టు

ఆళ్లగడ్డ దీవెనకు పదిహేనేళ్లు. ఒలింపిక్స్‌లో తెరచాప పడవ నడిపి తీరతానని అడిగినవాళ్లకూ చెబుతుంది, అడగనివాళ్లకూ చెబుతుంది. సముద్రం మొహం చూడని ఊళ్లో ఇదేం పిచ్చి అని ఎవరైనా నవ్వితే తనూ కలిసి నవ్వేస్తుంది.

ఆ పిచ్చి అంటించింది తండ్రి ఎడ్విన్. బేతంచెర్ల నాపరాళ్ల లారీ తోలుకుంటూ ఒక వేసవిలో కూతుర్ని హైదరాబాదు తీసుకెళ్లాడు. హుస్సేన్‌సాగర్‌లో తెల్లటి తెరచాపలు చూసిన పిల్ల గట్టు మీదే చతికిలబడింది. మళ్లీ లారీ ఎక్కితే ఒట్టు! ఆ మొండితనం ముందు ఓడిపోయి ఆయన అక్కడి శిక్షణ శిబిరంలో చేర్పించాడు. అప్పటినుంచీ సెలవులొస్తే చాలు, పిల్ల నీళ్ల మీదే.

తల్లి ప్రమీలమ్మకు ఇదంతా సుతరామూ ఇష్టం లేదు. బళ్లో టీచరు, ఆదివారం చర్చిలో పిల్లలకు బైబిలు పాఠాలు చెప్పేదీ ఆమే. మాటంటే మాటే. పదో తరగతి అవగానే తేల్చేసింది.

"ఈ తూరి రాష్ట్ర జట్టులోకి వచ్చినావా, సరే. రాకుంటే నంద్యాల హాస్టల్లో ఇంటర్. మళ్ల పడవ మాట ఎత్తగూడదు."

ఎంపిక పోటీలు ఈసారి ఊరికి దగ్గర్లోని అవుకు రిజర్వాయర్లోనే పెట్టారు. చివరి పందెంలో ముందొచ్చిన ముగ్గురికే జట్టులో చోటు. అమ్మానాన్నలిద్దరూ వచ్చి గట్టు మీద కూర్చున్నారు.

కొండల మీదనుంచి గాలి విసురు విసురుగా దిగుతోంది. అలాంటి గాలంటే దీవెనకు పండగే. నీళ్లు నల్లబడిన చోటల్లా గాలి ఉన్నట్టు లెక్క. అటే పడవ తిప్పుకుంటూ ఒక్కొక్కరినే దాటేసి రెండో స్థానానికి వచ్చేసింది. ఇక చివరి బోయా మిగిలింది. నీళ్లలో తేలే ఆ నారింజరంగు గుర్తును ఎంత దగ్గరగా చుట్టొస్తే అంత లాభం. దీవెన ఆశకొద్దీ మరీ దగ్గరగా చుట్టింది. పడవ వెనక భాగం బోయాను రాసుకుంది.

ఈ ఆటలో వెంటపడి ఈల ఊదేవాడెవడూ ఉండడు. బోయాకు పడవ తగిలితే తప్పు. తగిలించినవాళ్లే అది ఒప్పుకుని, పక్కకు తప్పుకుని, పడవను గుండ్రంగా ఒక చుట్టు తిప్పి అప్పుడు ముందుకు సాగాలి. దీవెన చుట్టూ చూసింది. జడ్జీల పడవ ఎక్కడో దూరంగా ఉంది. వెనకవాళ్లు వాళ్ల తెరచాపలతో వాళ్లు తంటాలు పడుతున్నారు. ఎవరూ చూడలేదు. నంద్యాల హాస్టలు కళ్లముందు కనబడింది. "థూ, నా బతుకు!" అని తనను తానే తిట్టుకుని చుక్కాని తోసేసింది.

గట్టు మీద ప్రమీలమ్మ దిగ్గున లేచింది. "ఏందయ్యా, పాప గిరగిరా తిరుగుతాంది? కండ్లు తిరిగినాయేమో! ప్రభువా, నా బిడ్డను కాపాడు!" ఆ కేకకు చుట్టుపక్కలవాళ్లు ఉలిక్కిపడ్డారు.

చుట్టు పూర్తయ్యేలోపు ముగ్గురు దాటిపోయారు. దీవెన ఒకరిని మళ్లీ పట్టుకుంది. ఇంకొకరిని పట్టేలోపే ముగింపు గీత వచ్చేసింది. నాలుగో స్థానం.

తడిబట్టలతో గట్టెక్కిన కూతుర్ని తల్లి ఒళ్లంతా తడిమి చూసింది. "ఏమయింది పాపా? ఎందుకట్ల తిరిగితివి?"

"బోయాకు తగిలిచ్చినా మా. తగిలిస్తే చుట్టు కొట్టాల."

"ఎవురు చూసినారు?"

"ఎవురూ చూల్యా."

"మరి నీకేం పుట్టింది? గమ్మున పోయింటే జట్టులో ఉందువు గదే!"

అనేసింది. అన్నాక నాలుక కరుచుకుంది. ఎవరూ చూడకపోయినా తప్పు తప్పేనని వారం వారం పసిపిల్లల చేత వల్లె వేయించే మనిషి! ఎడ్విన్ పగలబడి నవ్వాడు. దీవెన మాత్రం నవ్వలేదు, ఏడుపు ఆపుకోలేకపోయింది.

"నవ్వింది చాల్లేయ్యా," అని మొగుణ్ణి కసిరి ప్రమీలమ్మ కొంగుతో కూతురి తల తుడవసాగింది. సిగ్గుతో ఆమె మొహం ఎర్రబడింది. తుడుస్తూనే మెల్లగా అడిగింది. "మళ్ల పోటీలు ఎప్పుడు?"

"వచ్చే ఏడు. ఏం, హాస్టలు అంటివి గదా?"

"హాస్టలుకూ పో, పడవా తోలు. నేనేమన్నా వద్దన్నానా?"

దీవెన ముక్కు తుడుచుకుంది. "ఆ తూరి తగలనీను మా. ముగ్గుర్లో ఒకదాన్ని గాదు, మొదట వచ్చేది నేనే."